వస్తే, వచ్చాక

కువైట్‌లో పదకొండేళ్ళు ఎవరి పిల్లలకో
పాలు కలుపుతూ నేర్చుకున్న ఇంగ్లీషు
ఇన్నాళ్ళకి నర్సాపురంలో పనికొచ్చింది.

ఎనిమిది రోజులు. జీతం లేదు.
మెడలో ఒక అట్టముక్క, దాని మీద నా పేరు: సువార్త.
మధ్యాహ్నం పప్పన్నం, పెరుగు,
గంటగంటకీ చేతులకి రాసుకునే ఘాటు మందు.

ఏ దేశం నుంచో పద్నాలుగు మంది దిగారు
పెట్టెల నిండా దారాలతో.
దారం సంగతి నాకూ తెలుసు.
కొక్కెం సూది పట్టీ పట్టీ నా చూపుడువేలు గాడి పడింది.
నేనల్లిన లేసు ఏ సముద్రం దాటి
ఎవరి బల్ల మీద పరుచుకుందో ఏనాడూ చూడలేదు.
వాళ్ళ దారం మాత్రం
వెంట్రుకంత సన్నంగా, నా కళ్ళ ముందే,
మన పిల్లాడి పెదవిలోకి దిగింది.

గ్రహణం మొర్రి అంటాం మనం.
పేరు చంద్రుడిది, నింద తల్లిది.
పొడుగాటి డాక్టరమ్మ అడిగింది,
ఈవిడ ఎందుకు ఇంతలా ఏడుస్తోందని.
"గ్రహణం పూట కత్తిపీట ముట్టుకుందట" అన్నాను.
ఇంగ్లీషులో అది ఎంత చిన్న వాక్యమో!
డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది.

పంటు మీద టిక్కెట్లు చింపేవాడి కొడుకు పోశిబాబు.
ఆరేళ్ళు. పెదాలు కలవక
పంటుని "అంటు" అనేవాడు.
అంటొచ్చింది, అంటొచ్చింది అంటూ
వాణ్ణి చూసి పరిగెత్తే ఆట ఒకటి
రేవులో పిల్లలు కనిపెట్టారు.
మూడో రోజు కుట్లు.
ఆ రాత్రి వార్డులో, మోచేతులు వంగకుండా అట్టలు కట్టించుకుని
చిన్న దిష్టిబొమ్మలా నిద్రపోయాడు.
వాడి సంగతి ఊరంతా చెప్తుంది. ఫోటో కూడా ఉంది.

నూకరత్నానికి ఫోటో లేదు.
అంతర్వేది పాలెం నుంచి తొలి పంటెక్కి
ఐదు నెలల పిల్లని కొంగులో చుట్టుకొచ్చింది.
పీల్చలేని పిల్ల.
ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోసి బతికించుకుంది.
ముక్కులోంచి తిరిగొచ్చే పాలు తుడిచి తుడిచి
జాకెట్టు భుజం అట్టకట్టింది.

రక్తం ఎనిమిది. పది ఉండాలి.
గుండెల్లో పిల్లికూతలు.
డాక్టరమ్మ నావైపు తిరిగి మెల్లగా అంది:
ఇప్పుడు మత్తిస్తే లేవకపోవచ్చు.
మళ్ళీ వస్తే, అప్పుడు చేస్తాం.

వస్తే.

పేరేమో సువార్త. నోట్లో ఈ మాట.
నూకరత్నం నా పెదాల వంకే చూస్తోంది.
మేడమ్ కోపాల్ని డ్రైవరుకీ వంటవాడికీ
ఒక్క అక్షరం జారకుండా మోసిన నోరు నాది.
ఆ పూట జారింది.

"వచ్చాక చేస్తారమ్మా."

డాక్టరమ్మకి తెలుగు రాదు.
సరిగ్గా చెప్పానని తలూపింది.

వెళ్ళిపోయారు.
గేటు దగ్గర పగిలిన బెలూను తొక్కలు,
ఖాళీ పెట్టెల్లో వాచ్‌మన్ కోళ్ళు.
డబ్బు పోగవ్వాలట, అనుమతులు రావాలట,
వస్తారో లేదో వాళ్ళకే తెలీదట.

నేనిప్పుడు శనివారం శనివారం పంటెక్కుతున్నాను.
సంచిలో మునగాకు పొడి, ఆసుపత్రిలో ఇచ్చిన ఇనుము చుక్కల సీసా,
సగం అల్లిన లేసు.
వశిష్ఠ మీద గాలికి దారం ఎగిరిపోతుంటే
పళ్ళతో పట్టుకుంటాను.
పోశిబాబు ఊరికే వచ్చి పక్కన నిలబడతాడు.
మాట తేలడానికి నెలలు పడుతుందన్నారు.
పెదాలు కలిపి, విడదీసి, మళ్ళీ కలిపి
ఇంజను చప్పుడులో ఎవరికీ వినపడకుండా
ఏదో అనుకుంటుంటాడు.

పోయిన వారం పిల్ల రక్తం ఎనిమిదిన్నర.
నూకరత్నం నాకు రెండు ఎండుచేపలు పొట్లం కట్టిస్తూ అడిగింది:
"ఏ నెల్లో వస్తారండీ?"

గొలుసులు లెక్కపెట్టుకుంటున్నట్టు
నేను లేసు మీంచి తలెత్తలేదు.